ఆదివారం తరగతి: తెలుగునాట సార్వత్రిక విద్య నడిచిన దారి

ఆచార్య జి. రాంరెడ్డిగారి స్మారకోపన్యాసం చేయమని పిలిచినందుకు కృతజ్ఞతలు. ఉస్మానియా ఉపకులపతిగా, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తర్వాత ఇగ్నోకూ తొలి ఉపకులపతిగా, యూజీసీ అధ్యక్షులుగా ఆయన చేసిన సేవ ఈ సభకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే పదవుల జోలికి పోకుండా ఆయన నిలబెట్టిన ఏర్పాటు గురించి మాట్లాడతాను. ఆన్‌లైన్, బ్లెండెడ్ అని ఇవాళ వింటున్న చదువులకు వెనక ఉన్న చరిత్రను మనవాళ్లు యంత్రాల వరసగా రాస్తున్నారు. పోస్టు వచ్చింది, రేడియో వచ్చింది, టీవీ, ఉపగ్రహం, ఇంటర్నెట్ వచ్చాయి, చదువు బాగుపడుతూ పోయింది అన్నట్టుగా. నేను ఒప్పుకోను. దూరాన ఉన్న విద్యార్థిని చదువులో నిలబెట్టినవి మూడే: అతనికి అర్థమయ్యే భాషలో పాఠం, అతను రాసింది దిద్దే మనిషి, బస్సెక్కి వెళ్లగలిగినంత దూరంలో ఒక కేంద్రం. ఈ మూడూ ఉన్నప్పుడు ఏ సాధనమైనా పనికొచ్చింది.

మొదటి వందేళ్లూ త్వరగా దాటేస్తాను. 1858లో లండన్ విశ్వవిద్యాలయం ఎక్కడ చదివినవారైనా వచ్చి పరీక్ష రాయవచ్చంది. మన దగ్గర ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది, 1972లో ఆంధ్రా విశ్వవిద్యాలయం అందుకుంది. అంతకుముందు ప్రైవేటుగా బీఏ కట్టిన బడిపంతుళ్లు, గుమాస్తాలు మన ఊళ్లలో ఎందరో. విశ్వవిద్యాలయం వాళ్లకు పరీక్ష పెట్టింది తప్ప పాఠం చెప్పలేదు. కరస్పాండెన్స్ కోర్సు పాఠాన్ని పోస్టులో పంపింది, అంతే తేడా. ఈ భాగం మీద ఇప్పటికే చాలా రాశారు, ఇంకా రాయవలసింది పెద్దగా లేదని నా అభిప్రాయం.

అసలు కథ 1974 తర్వాతది. ఆ ఏడాది జి. పార్థసారథి నాయకత్వంలోని బృందం దేశానికి ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయం కావాలని సూచించింది. ఢిల్లీలో ఆ సూచన 1985 దాకా నానింది. ఈలోగా 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగం నడిచింది. అమెరికా ఉపగ్రహం ఆసరాతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు చేరాయి, వాటిలో తెలుగువీ ఉన్నాయి. గడువు తీరింది, ఉపగ్రహం తిరిగి వెళ్లిపోయింది. ఆ ప్రయోగంలో బడిపంతుళ్ల శిక్షణకు మాత్రం టీవీ ఒక్కటే పెట్టలేదు. రేడియో, అచ్చు పాఠం, దగ్గరుండి నడిపించే వ్యక్తి, అన్నీ కలిపారు. ఇప్పుడు బ్లెండెడ్ అని పేరు పెట్టుకున్నది అదే. సైట్‌ను అంతరిక్ష విజయంగా చెప్పుకునేవారు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు.

1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది, దేశంలోనే ఆ తరహాలో తొలిది. భవనం వెంకట్రాం ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లోనే దానికి చట్టం వచ్చింది. ఇంటర్ లేనివారికి అర్హత పరీక్ష పెట్టి నేరుగా డిగ్రీలోకి తీసుకోవడం అందరికీ గుర్తున్న విప్లవం. నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. కొత్త భవనాలు కట్టకుండా, ఊళ్లలో అప్పటికే ఉన్న కాలేజీలనే అధ్యయన కేంద్రాలు చేశారు. వారమంతా రెగ్యులర్ విద్యార్థులు కూర్చునే బెంచీల మీద ఆదివారం కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, పెళ్లితో చదువు ఆగిన ఆడవాళ్లు కూర్చున్నారు. పాఠం చెప్పింది ఆ ఊరి లెక్చరరే. రాంరెడ్డిగారు పంచాయతీరాజ్ మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన పరిపాలనాశాస్త్ర ఆచార్యులు. అధికారం రాజధానిలో ఉంటే ఊరికి ఏమీ దిగదని బాగా ఎరిగిన మనిషి, విశ్వవిద్యాలయాన్ని కూడా ఆ పద్ధతిలోనే ఊళ్లకు పంచారని నా అనుమానం. కాగితం మీద దీనికి రుజువు చూపమంటే చూపలేను, కేంద్రాల అమరిక చూస్తే మాత్రం ఇంకోలా అనుకోవడం కష్టం.

ఇక ఆ విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకం సంగతి. ఒక యూనిట్ తెరవండి. మొదట ఉద్దేశాలు, తర్వాత ఉపోద్ఘాతం, నాలుగు పేజీలు నడిచేసరికి ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ అని ఒక ప్రశ్న, దాని కింద జవాబు రాసుకోవడానికి కొన్ని ఖాళీ గీతలు. సరైన జవాబు యూనిట్ చివర ఉంటుంది. పక్కన మాస్టారు లేడని తెలిసి, మాస్టారు ఆగి ప్రశ్న అడిగే చోటల్లా పుస్తకమే ఆగింది. ఒకరు రాస్తే, ఇంకొకరు విషయం సరిచూస్తే, మరొకరు తెలుగు దిద్దారు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ పాలన తెలుగులో డిగ్రీ స్థాయిలో చదువుకోవడానికి తెలుగు అకాడమీ పుస్తకాల సరసన ఇవి నిలిచాయి. ఆ విశ్వవిద్యాలయం ముఖం చూడనివారు కూడా గ్రూప్స్ పరీక్షలకు వీటిని చదువుతారు. హైదరాబాదులో ఆ పరీక్షలకు చదివేవారుండే అశోక్‌నగర్ గదుల్లో ఇవి లేని బల్ల అరుదు. సర్వర్లు మారాయి, క్యాసెట్లు పోయాయి, ఈ పుస్తకాలకు గిరాకీ పోలేదు.

ఇక్కడ నాకు పాత తగాదా ఒకటి ఉంది, అధ్యక్షులు మన్నించాలి. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ టేలర్ దూరవిద్యను ఐదు తరాలుగా విభజించారు. మొదటిది కరస్పాండెన్స్, చివరిది తెలివైన కంప్యూటర్లు నడిపే చదువు. మన దూరవిద్యా శాఖల్లో ఈ పట్టికను ఎక్కాల్లా అప్పజెబుతారు. ఈ లెక్కన 1982 నాటి హైదరాబాదు ఏ తరం? పోస్టు ఉంది, ఆకాశవాణి పాఠాలు ఉన్నాయి, ఆదివారం ఎదురెదురుగా చెప్పే తరగతీ ఉంది. మొదటి తరానికీ రెండో తరానికీ మధ్య ఎక్కడో ఇరికించి ముందుకు పోతారు. పట్టికలో గడి లేదు కాబట్టి తరగతి గదినే చరిత్ర నుంచి తీసేశారు. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీకి మనది నకలు అనే వాదన కూడా ఈ కొమ్మకు కాసిందే. హెరాల్డ్ విల్సన్ 1963లో గ్లాస్గోలో ప్రతిపాదించింది ప్రసారాల విశ్వవిద్యాలయమే. 1971లో విద్యార్థులు వచ్చేసరికి మాత్రం అక్కడా స్థానిక ట్యూటర్లు, దిద్దిన అసైన్‌మెంట్లు, అచ్చు పాఠాలు లేకుండా బండి కదల్లేదు. అసలుదే టీవీ మీద నిలబడనప్పుడు, టీవీ ఇంటింటా లేని తెలుగునేల దాన్ని ఎలా నకలు చేస్తుంది? రిచర్డ్ క్లార్క్ 1983లో మాధ్యమాన్ని సరుకు మోసే లారీతో పోల్చారు. లారీ మారినంత మాత్రాన సరుకులో సారం పెరగదన్నారు. రాబర్ట్ కోజ్మా కాదన్నారు, మాధ్యమం శక్తే వేరన్నారు. ఏళ్లు వాదించుకున్నారు. నా పక్షపాతం క్లార్క్ వైపే. అయితే అవతలి ఊళ్లో సరుకు దించుకునే మనిషి గురించి ఇద్దరూ తగినంత పట్టించుకోలేదు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో చేరినవారిలో చాలామంది మధ్యలో మానేస్తారు, ఆదివారం బెంచీలు సగం ఖాళీగా ఉంటాయి, మరి కేంద్రం నిలబెట్టిందేమిటి అని. నిజమే, ఖాళీగానే ఉంటాయి. అయితే కేంద్రం అంటే పాఠం ఒక్కటే కాదు. పుస్తకాలు అందేది, సైన్సు విద్యార్థి ప్రాక్టికల్స్ చేసేది, ఫీజు గడువు తెలిసేది, హాల్‌టికెట్ రాకపోతే అడిగేది అక్కడే. కేంద్రమే లేనిచోట ఏమైందో చూద్దాం. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల్లో 2017-18లో నమోదైనవారిలో పూర్తి చేసినవారు 3 శాతం చిల్లర. వాళ్లలో చాలామంది సరదాకు చేరినవారని సమాధానం చెబుతారు, అందులో కొంత న్యాయం ఉంది. కానీ ఆ న్యాయం కండక్టరుకూ అంగన్‌వాడీ టీచరుకూ వర్తించాలి కదా. వాళ్లకు సెలవు దొరకదు.

సమయం అయిపోతున్నదని చీటీ వచ్చింది. తర్వాతి సంగతులు పేర్లు చెప్పి ఊరుకుంటాను: 1985లో ఇగ్నో, 2003లో వీడియో పాఠాల ఎన్‌పీటెల్, 2004లో చదువుల ఉపగ్రహం ఎడ్యుశాట్, 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చాయి. 2020లో బడులు మూతపడినప్పుడు సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఫోన్ చేసి ఆరా తీసిన టీచరు ఉన్నచోట పిల్లలు కూర్చున్నారు. అదే ఏడాది యూజీసీ పూర్తి ఆన్‌లైన్ డిగ్రీలకు నిబంధనలు తెచ్చింది, మరుసటి ఏడాది ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు స్వయం వేదిక మీద చదవవచ్చంది. వీటిలో ఒక్కొక్కటీ ఒక ఉపన్యాసానికి సరిపోయే విషయం, ఇవాళ వీలుపడదు. ఈ సభలో అకడమిక్ కౌన్సిల్ సభ్యులు ఉన్నారు, వారికొక మనవి చేసి ముగిస్తాను. బ్లెండెడ్ కోర్సు ప్రతిపాదన మీ ముందుకు వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ పేరు తర్వాత అడగండి. విద్యార్థి రాసింది ఎవరు దిద్దుతారు, ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారు, పాఠం తెలుగులో ఉందా, కేంద్రం ఏ ఊళ్లో అని ముందు అడగండి. నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి.