వరా? ఊదా? తుంగా? వేళ్లతో చూస్తే తెలిసిపోతుంది!

వరి మడిలో దిగితే అంతా పచ్చగానే ఉంటుంది. మరి కలుపేదో ఎలా పట్టాలి? నేనైతే ఫోన్ తీయను, ముందు కాడని వేళ్ల మధ్య పెట్టి తిప్పుతా. మూడు అంచులు తగిలితే అది తుంగ. దాని కాడకి కణుపులుండవు. గుండ్రంగా ఉండి, కణుపులు తగిలితే గడ్డి జాతి.

అసలు చిక్కు ఊదతోనే. చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకుని కొంచెం వెనక్కి వంచి, అది కాడని పట్టుకున్న చోట చూడండి. వరికి తెల్లటి పల్చని పొర ఉంటుంది, ఊదకి ఉండదు. అంతే తేడా!

ఇది తెలియకపోతే వరి పీకేసి, ఊదని ఉంచేస్తాం. పైగా తుంగకి కొట్టే మందు ఊదకి పనిచేయకపోవచ్చు. అందుకే కొనేముందే కాడ తిప్పి చూడండి. మీ మడిలో ఏది ఎక్కువుందో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!