మొదటి పని అడిగిన రెండో పని



ఈ సభలో మనం తలుచుకుంటున్న మాస్టారి దగ్గర నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు నేర్చుకున్నాను. చేరిన కొత్తలో వారాల తరబడి ఒకటే పని. వైసులో బిగించిన ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీయడం. అరచేతులు బొబ్బలెక్కేవి. మాస్టారు ఆ ముక్క అంచుకు మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూసేవారు. సందులోంచి సన్నని వెలుగు గీత కనబడిందా, మళ్ళీ మొదటికి. పక్క షెడ్డులో ఎలక్ట్రీషియన్ ట్రేడు వాళ్ళు బల్బులు వెలిగిస్తుంటే మాకు అసూయగా ఉండేది. "అది కూడా నేర్చుకుంటాను సార్" అని ఒకరోజు అడిగాను. "ఈ పని నిన్ను పంపినప్పుడు వెళ్దువుగాని" అన్నారు. ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఒకే పనిలో ఆరితేరాలా, నాలుగు పనులు చేతిలో ఉంచుకోవాలా? ఉద్యోగం వెతుక్కునే పిల్లలు నన్ను తరచూ అడుగుతారు. ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లో తన పుస్తకంలో వర్ణించిన గుండుసూదుల కార్ఖానా గురించి చాలామంది వినే ఉంటారు. పదిమంది పని పంచుకుంటే రోజుకు 48 వేల సూదులు. అదే పుస్తకంలో కాస్త ముందుకు వెళితే ఆయన చెప్పిన మరో సంగతి ఉంది, దాన్ని అంతగా తలుచుకోం. పనిని ఎంత సన్నగా విడదీయగలమన్నది బజారు ఎంత పెద్దదన్న దాని మీద ఆధారపడుతుంది. బజారు చిన్నదైన అప్పటి స్కాట్లండ్ కొండల్లో రైతు తన ఇంటికి తానే మాంసం కొట్టుకోవాల్సి వచ్చేది, తానే రొట్టె కాల్చుకోవాల్సి వచ్చేది, తానే బీరు కాచుకోవాల్సి వచ్చేది.

మన మండల కేంద్రాల్లో మోటారు మెకానిక్కూ అంతే. కాలిన మోటారుకు వైండింగు చుడతాడు, స్టార్టరు బాగుచేస్తాడు, బోరులోంచి పంపు పైకి తీయిస్తాడు, ఎండలు ముదిరితే కూలర్లు చూస్తాడు. వైండింగు ఒక్కటే చేస్తానని కూర్చుంటే ఇల్లు గడవదు. కోటి విద్యలూ కూటి కొరకే అని తేలిగ్గా అనేస్తాం. ఒక్క విద్య కూడు పెట్టని మనిషి నోట ఆ మాట ఎలా ఉంటుందో ఆలోచించం.

అందుకే "అన్నీ నేర్చుకో" అని సలహా ఇవ్వాలంటే నాకు మనసొప్పదు. బజారు మోయాల్సిన బరువును పద్దెనిమిదేళ్ళ కుర్రవాడి నెత్తికెత్తడమే అది. హైదరాబాదులోని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఒక కోర్సు సగంలో ఉండగానే మరో కోర్సుకు ఫీజు కట్టే పిల్లలను చూశాను. వాళ్ళను నడిపిస్తున్నది భయం. వెలుగు గీత మూసుకునేదాకా ఏ ముక్కనూ అరగదీయనివ్వని భయం.

అలాగని ఒక్క పనికే కట్టుబడమని చెప్పలేను. కంప్యూటర్లో అక్షరాలు కూర్చే డీటీపీ రాగానే చేతి కంపోజింగులో ఆరితేరినవాళ్ళ బతుకులు ఏమయ్యాయో మనం చూశాం.

ఈ రెండింటి మధ్య మరో దారి ఉందనడానికి చింతకింది మల్లేశం గారి సంగతి చెబుతాను. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబం. పోచంపల్లి చీరకు చేత్తో ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, ఒక్కో చీరకు చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం ఆ పనికి అరిగిపోయింది. ఆ నొప్పి చూసి ఆయన యంత్రం కట్టబోయారు. సగంలో ఆగిపోయారు. హైదరాబాదు వెళ్ళి కరెంటు పనుల్లో చేరారు. బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూసి, తనకు చిక్కని ఆఖరి మెలిక అదేనని గుర్తుపట్టారు. 1999లో ఆసు యంత్రం సిద్ధమైంది. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బాలానగర్‌లోని ఆ యంత్రం ముందు రోజూ ఎందరో పనిచేసేవారు. దానిలో ఆసు పోసే చేయి కనబడింది మాత్రం ఆసు తెలిసినవాడికే. కరెంటు పనికి ఆయనను పంపింది ఆసే.

మాస్టారి పేరిట ఏర్పడిన ఈ స్మారక నిధి పెద్దలకు ఒక విన్నపం. ఒక ట్రేడు పూర్తిచేసి, రెండోది నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఏటా ఒకరికైనా భోజనం, బస ఖర్చు ఇవ్వండి. మార్కులు అడగకండి. దరఖాస్తులో ఒక్క ప్రశ్న చాలు: నీ మొదటి పనిలో ఎక్కడ ఆగిపోయావు?