పువ్వుకూ గుర్తింపు కార్డు కావాలి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"రిటైరయ్యాక బాగ్‌బేరాలో ఏం చేస్తున్నారు?" అని అడిగేవారికి "పూలు పెంచుతున్నాను, తింటున్నాను" అని చెబుతాను. నవ్వుతారు. కార్యవర్గం వారు ఆ నవ్వు వెనక ఉన్న సంగతి చెప్పమన్నారు.

సర్వీసులో ఉండగా ఒక రైజింగ్ డే బడాఖానాకు నాకు లంగరు డ్యూటీ పడింది. ఖీరు పళ్లేలు అందంగా కనబడాలని కంచె పక్కనున్న గులాబీరంగు పూలు కోసి పైన చల్లాను. వాసన కూడా కమ్మగా ఉంది. నర్సింగ్ అసిస్టెంట్ చూసి కేకేశాడు. అవి గన్నేరు పూలు. ఆ చెట్టులో ఆకు, పువ్వు, కాండం అన్నీ విషమే. గుండె కొట్టుకోవడాన్నే దెబ్బతీస్తుంది. ఎవరూ చెంచా పెట్టకముందే పళ్లేలన్నీ పారబోయించారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాతో కలిసి భోంచేసే మనుషులకు నా చేత్తోనే అది వడ్డించబోయాను కదా!

గేటు దగ్గర సంత్రీ ఐడీ కార్డు చూడందే ఎవరినీ లోపలికి వదలడు. మనిషి నవ్వుముఖంతో వచ్చాడా లేదా అన్నది అక్కడ లెక్కలేదు. కంచంలోకి వచ్చే పువ్వుకీ అదే రూలు ఉండాలి. పేరు తెలియని పువ్వు ఎంత ఘుమఘుమలాడినా లోపలికి రాకూడదు.

పూలు తినడం మనకు కొత్త కాదండీ. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, మునగపువ్వు కూర, అవిసెపువ్వు, గుమ్మడిపువ్వు బజ్జీలు మన పెద్దవాళ్లు ఎరిగినవే. మా జార్ఖండ్‌లో ఆదివాసీ సోదరులు జనుము పూలు కూర వండుకుంటారు, ఇప్పపువ్వు ఎండబెట్టుకుని దాచుకుంటారు. శ్రీకాకుళం నుంచి టాటానగర్ వచ్చే దారిలో తగిలే గంజాం తీరంలో మొగలిపూల నుంచి తీసే కేవడా నీరు బిర్యానీల్లోకీ, మిఠాయిల్లోకీ దేశమంతా వెళుతుంది. వీళ్లంతా పువ్వును పేరుపెట్టి ఎరిగినవాళ్లు. మనం కాలనీలకొచ్చి ఆ ఎరుక పోగొట్టుకున్నాం.

అందుకే మేడమీద పన్నెండు కుండీలతో మొదలుపెట్టాను. రెండుపాళ్లు మట్టి, ఒకపాలు మాగిన పశువుల ఎరువు, ఒకపాలు ఇసుక. మా బాగ్‌బేరాలో ఎండాకాలం నీటికి కటకట. అందుచేత మా ఇంటావిడ బియ్యం కడిగిన నీళ్లు కుండీలకే పోస్తుంది. మే నెలలో పచ్చవల నీడ కడతాను, కుండీల్లో ఎండుటాకులు పరుస్తాను.

మొదటిది నాటు గులాబీ. పన్నీటి వాసన ఉండే రకమే కావాలి. రంగుకోసం పెంచే చాలా గులాబీలకు వాసన ఉండదు. వానలు తగ్గాక అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే చలికాలమంతా పూస్తుంది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు కోయాలి. రేకు అడుగునున్న తెల్లటి ముక్క చేదు, అది గిల్లేయాలి. మిగిలిన రేకులు పాయసం మీద చల్లుకోవచ్చు, కాచి చల్లార్చిన నీళ్లతో కలిపి ఐసు గడ్డలుగా చేసి మజ్జిగలో, షర్బత్తులో వేసుకోవచ్చు.

రెండోది మల్లె. దీని వాసన రాత్రిది. సాయంత్రం మొగ్గలు కోసి, కడిగి, కాచి చల్లార్చిన నీళ్లలో వేసి మూతపెడితే తెల్లారేసరికి నీళ్లకు వాసన పడుతుంది. వడగట్టి నిమ్మరసం, పంచదార కలపండి. చైనావారి జాస్మిన్ టీ కిటుకూ ఇదే. తేయాకును రాత్రివేళ విచ్చుకునే మల్లెల మధ్య ఉంచి, తరవాత పూలు తీసేస్తారు. నందివర్ధనం కూడా తెల్లగానే ఉంటుంది, దాన్ని మల్లె అనుకుని వేయకండి.

మూడోది శంఖుపుష్పం. వాసన పెద్దగా లేదు గాని పిల్లలకు దీనితోనే సరదా. వేడినీళ్లలో వేస్తే నీలం, నిమ్మరసం పిండితే ఊదారంగు. అందులోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పులుపు తగలగానే మారిపోతుంది.

ఇక స్టాండింగ్ ఆర్డర్లు. పూలకొట్టు దండల్లోవి తినొద్దు, వాటిమీద ఏం చల్లారో మనకు తెలియదు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క పూలు మొదటి రెండు మూడు నెలలు నేను కంచంలోకి రానివ్వను. పేనుబంక పడితే మందు కొట్టను, నీటిధారతో కడిగేస్తాను. కేసరాలు, పుప్పొడి తీసేయాలి. మొదటిసారి ఒకటి రెండు రేకులతోనే చూడాలి. గర్భిణులు, రోజూ మందులు వాడేవారు వైద్యుణ్ణి అడిగి గాని తినకూడదు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, అడవినాభి చూడ్డానికి ఎంత బాగున్నా వంటింటి గుమ్మం తొక్కకూడదు.

మొన్న చలికాలంలో మా ఇంట్లో భోజనాలకు వచ్చిన పక్కింటి చిన్నవాడు పాయసం మీద గులాబీరేకు చేత్తో పట్టుకుని "తాతయ్యా, దీని పేరేంటి? తినొచ్చా?" అని అడిగాడు. ఆనాడు లంగరులో నేను అడగవలసిన ప్రశ్న అదే. వాడు అడిగాడు. నా పన్నెండు కుండీల కష్టానికి అంతకంటే మెడల్ ఏం కావాలి?

మీ క్వార్టర్ వరండాలో ఒక్క కుండీ పెట్టండి. ముందు పువ్వు పేరు తెలుసుకోండి, తరవాతే రుచి చూడండి.

జై హింద్!