తొలి ఊపిరి

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదువబడిన ప్రసంగము)



భారతమున అశ్వమేధపర్వము విన్నవారికి పరీక్షిత్తు జన్మవృత్తాంతము క్రొత్త కాదు. అశ్వత్థామ అస్త్రమునకు గురియై ఆ శిశువు ఉత్తర గర్భమునుండి ఊపిరి లేకయే వెలువడెను. అంతఃపురమంతయు రోదించుచుండ శ్రీకృష్ణుడు వచ్చి బ్రతికించెను. పురాణశ్రవణమున ఈ ఘట్టము వచ్చినపుడు స్త్రీలు కన్నీరు పెట్టుకొందురు. పుట్టి ఏడువని బిడ్డ యన్న మాటకు అర్థము వారికి తెలిసినంతగా మరెవరికిని తెలియదు.

గర్భస్థశిశువు ఊపిరితిత్తులు గాలితో గాక ద్రవముతో నిండియుండును. కావలసిన ప్రాణవాయువు తల్లి రక్తమునుండి మావి ద్వారా, బొడ్డుత్రాడు ద్వారా చేరును. పుట్టిన నిమిషములోపల ఆ నీరు తొలగుట కారంభించి, గాలిబుడగలు విచ్చుకొనవలెను. ఇంచుమించు పదిమందిలో తొమ్మండుగురికి ఇది తనంత తానే జరిగిపోవును. పదవ బిడ్డకు ఒడలు తుడుచుటయో, వీపు రాయుటయో, తిత్తితో గాలి పట్టుటయో, ఏదో ఒక సాయము కావలెను.

నెలలు నిండని బిడ్డ సంగతి వేరు. ఏడ్చును, ఊపిరియు తీయును. కాని గంటగంటకును డొక్కలు లోనికి పోవుచు, మూలుగుచు, అలసిపోవును. పూర్వము ఇట్టివారిలో అనేకులు రెండు మూడు దినములలో కన్నుమూసెడివారు. ఇచట దానిని బాలగ్రహమనిరి, దృష్టిదోషమనిరి. పాశ్చాత్య వైద్యులకును చాలకాలము నిజము చిక్కలేదు. శవపరీక్షలో ఊపిరితిత్తులయందు గాజువంటి పొర యొకటి కనబడుటచే, ప్రాణము తీసినది ఆ పొరయే యని తలచి, అది ఎచటనుండి వచ్చినదని వెదకుచుండిరి.

చిక్కు విప్పినది మేరీ ఎలెన్ ఏవరీ యను అమెరికా వైద్యురాలు. ఈమె 1927లో జన్మించెను. 1952లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య ముగించిన కొలదికాలమునకే క్షయకు లోనై, తన ఊపిరితిత్తులను గూర్చియే ఆలోచింపవలసివచ్చెను. రోగమే చదువుకు దారి చూపిన దన్నమాట! తరువాత బోస్టను నగరమున జియర్ మీడ్ అను శాస్త్రజ్ఞునికడ చేరెను. ఇతరులు ఉన్నదానిని చూచుచుండగా ఈమె లేనిదానిని చూచెను. వేరు కారణములచే పోయిన బిడ్డల ఊపిరితిత్తులలో నురుగు కలదు; ఈ బిడ్డలకు నురుగు లేదు.

నురుగు లేకున్న నేమి యందురేమో. తలంటి దినమున పిల్లలు కుంకుడురసము గిలకొట్టి, బొప్పాయి ఆకు కాడతో బుడగలు ఊదుట చూడనివారుండరు. వట్టి నీటితో ఊదిన బుడగ నిలువదు. నీటి పైపొరకు బిగిసి ముడుచుకొను గుణము కలదు. కుంకుడురసము ఆ బిగువును సడలించును. ఊపిరితిత్తులలోని బుడగలకును ప్రకృతి యట్టి పూత యొకటి పూసినది. దానిని సర్ఫాక్టెంట్ అందురు. అది కడపటి మాసములలో గాని చాలినంత ఊరదు. అది లేని బిడ్డకు ప్రతి ఊపిరియు తొలి ఊపిరియే. విడిచినపుడెల్ల బుడగలు మూతపడును. మరల తెరచుటకు మొదటిసారి పడిన పాటంతయు పడవలెను. 1959లో ఏవరీ, మీడ్ ఈ సంగతి ప్రకటించిరి. గాజుపొర రోగమునకు ఫలమే కాని మూలము కాదు.

తెలిసినంతమాత్రమున మందు రాలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు పాట్రిక్ ఐదున్నర వారములు ముందుగా పుట్టి, ఈ వ్యాధితోనే 39 గంటలకు మరణించెను. దేశాధిపతి బిడ్డకును ఆనాడు దిక్కు లేకపోయినది. 1980లో జపానునందు ఫుజివారా యను వైద్యుడు ఆవు ఊపిరితిత్తుల సారముతో చేసిన మందును పదిమంది శిశువుల శ్వాసనాళములలో పోసి గుణము చూపెను. అంతకుముందే న్యూజిలాండునందు లిగ్గిన్స్ అను వైద్యుడు, గర్భములోని గొర్రెపిల్లకు ఒక మందునిచ్చి చూడగా, బ్రతుకదనుకొన్న నెలలు నిండని పిల్ల ఊపిరి తీసెను. ఆ జాతి మందును తల్లికే ఇచ్చినచో బిడ్డకు మేలగునని అతడును, హోవీ యను సహచరుడును 1972లో ప్రకటించిరి.

ఇక చేరువ సంగతి. పంజాగుట్టలోని నిమ్స్ అందరెరిగినదే. 1964లో ఎముకల వైద్యశాలగా ఆరంభమైనది. పసిబిడ్డల పెద్ద ఆశ్రయము మాత్రము రెడ్ హిల్స్‌లోని నీలోఫరు. ఏడవ నిజాము రెండవ కోడలు నీలోఫరు, 1949లో తన ప్రియదాసి ప్రసవమున మరణింపగా దుఃఖించి పూనుకొనుటచే, 1953లో అది వెలసినది. పడమటి గ్రామములవారు అమీరుపేట, పంజాగుట్ట దాటి అచటికి పోవలెను. పంజాగుట్ట చౌరస్తాలో బండి నిలిచినపుడు, ఒడిలోని బిడ్డ చల్లబడుచుండ, ఆ తల్లికి గడియ యొక్కటియు యుగమే. నెలలు నిండని బిడ్డను చేర్చుటకు తల్లి గర్భమును మించిన వాహనము లేదని వైద్యులందురు. కానుపు తరువాత బయలుదేరుటకంటె నొప్పులు తోచినపుడే బయలుదేరుట మేలు.

2014లో భారత ప్రభుత్వము, 24 వారములకును 34 వారములకును నడుమ నొప్పులు వచ్చిన గర్భిణికి, పెద్ద వైద్యశాలకు పంపుటకు ముందే ఏ.ఎన్.ఎం. డెక్సామెథసోన్ మొదటి మోతాదు ఇచ్చుటకు అనుమతించెను. కానుపునకు ఒక దినమైన గడువు చిక్కిన ఆ మందు బాగుగా పనిచేయును. అయితే నెలల లెక్క తెలియక వేసినచో మేలు నిశ్చయము కాదు, కీడును కలుగవచ్చునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అందుచే కడపటి ఋతుదినపు తేదీ మొదటి మాసముననే తల్లీబిడ్డల కార్డుపై వ్రాయించుకొని, ప్రయాణమునకు లేచునపుడు ఆ కార్డును వెంట తీసికొనిపోవలెను.