లాకుల దగ్గర పడవ, గన్ దగ్గర కారు



తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర తుక్కు ఇనుముతో విగ్రహాలు చేస్తారు. సుమారు 75,000 నట్లు అతికి పదడుగుల గాంధీని నిలబెట్టారు. చూసేవాళ్లకు బరువు తప్ప ఇంకేమీ కనిపించని పాత ఇనుములో వాళ్లకు భుజం కనిపించింది, కళ్లజోడు కనిపించింది. ఈ పూట పట్టా అందుకుంటున్న ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకూ ఆ చూపు అవసరం. ఫాస్ట్ చార్జర్ ధర లక్షల్లో ఉంటుంది, కారుదీ అంతే. 400 వోల్టుల మధ్య వేలు పెట్టి నేర్చుకోమని ఏ ల్యాబూ అనదు, అనకూడదు కూడా. అయినా ఆ విద్యలో చాలా భాగం బల్ల మీదే వస్తుంది. కారుకీ చార్జరుకీ నకళ్లు తయారు చేసుకుంటే చాలు.

పెట్రోలు బంకులో నాజిల్ పెట్టి నొక్కితే పెట్రోలు పడుతుంది. చార్జింగ్ గన్ అలా కాదు. గన్ తగిలించాక కరెంటు పారేలోపు కారూ స్టేషనూ చాలాసేపే మాట్లాడుకుంటాయి. అలాంటి నకలు, అంటే సిమ్యులేటరు, నేర్పేది ఆ మాటలే.

మన దేశంలో కార్లకు ఎక్కువగా వాడే సీసీఎస్-2 గన్‌లో కంట్రోల్ పైలట్ అనే సన్నటి పిన్ను ఒకటుంది. గన్ ఖాళీగా ఉన్నప్పుడు దాని మీద 12 వోల్టులు. కారుకు తగిలించగానే అందులోని 2.74 కిలోఓమ్‌ల రెసిస్టరు దాన్ని 9కి దించుతుంది. ‘వచ్చాను’ అని అర్థం. కారు ఇంకో 1.3 కిలోఓమ్‌ల రెసిస్టరును పక్కన కలిపితే 6కి దిగుతుంది. ‘సిద్ధం, ఇవ్వు’ అన్నట్టు. అంత పెద్ద వ్యవహారానికి నాంది చిల్లర డబ్బులకు దొరికే ఈ రెండు రెసిస్టర్లే. స్టేషను వైపు ఒక ఆర్డునో, ఒక ఆప్-యాంప్ సరిపోతాయి.

ఆ రెసిస్టర్ల ముందు ఒక డయోడ్ కూడా ఉంటుంది. కొత్తగా సర్క్యూట్ కట్టేవాళ్లు దాన్ని వదిలేసే ప్రమాదం ఉంది, ఎందుకంటే అది లేకపోయినా ఇంచుమించు 9, 6 వస్తూనే ఉంటాయి. దాని విలువ తెలియాలంటే ఒక చిన్న ప్రయోగం చెయ్యాలి. స్టేషను సంకేతం సెకనుకు వెయ్యిసార్లు ప్లస్ 12, మైనస్ 12 మధ్య ఊగుతుంది. డయోడ్ ఉంటే పై సగమే తగ్గి, కింది సగం మైనస్ 12 దగ్గర నిలుస్తుంది. ఇప్పుడు రెసిస్టర్లూ డయోడూ తీసేసి, వాటి చోట ఉప్పునీళ్లలో తడిపిన దూది ఉండ పెట్టి ఆసిల్లోస్కోపు చూడాలి. పైగీతా కిందికి జారుతుంది, కిందిగీతా పైకి లేస్తుంది. నీటికి ఒకవైపే దారి ఇవ్వడం తెలియదు కదా! అవతల ఉన్నది కారు కాదని స్టేషను అక్కడే పసిగట్టి ఆగిపోతుంది. సూర్యలంక ఉప్పుగాలి సోకే బాపట్లలో చదివినవాళ్లకు ఈ దూది ఉండ పాఠ్యపుస్తకంలోని ఒక అధ్యాయం పెట్టు.

స్టేషను ఆ సంకేతం ప్లస్‌లో ఉండే సమయాన్ని 5 శాతానికి కుదిస్తే ‘ఇక డిజిటల్‌గా మాట్లాడుకుందాం’ అని అర్థం. అప్పటినుంచి అదే తీగ మీద డేటా నడుస్తుంది. ఇళ్లలో కరెంటు వైర్ల మీదుగా ఇంటర్నెట్ పంపే అడాప్టర్లది కూడా ఇదే కుటుంబం. కాకపోతే పక్కపక్కనే రెండు గన్‌లు ఉంటే ఒకదాని మాట రెండోదానికీ వినపడుతుంది. తెనాలి జంక్షన్‌లో రెండు బళ్లు ఎదురెదురుగా ఆగితే కాఫీ అబ్బాయి కేక రెండింట్లోకీ వచ్చినట్టు. అందుకే కారు ముందు కొన్ని సంకేతాలు పంపుతుంది. ఎవరికి గట్టిగా వినిపించాయో వాళ్లే తన స్టేషను.

తరువాతి ఘట్టం డెల్టా పిల్లలకు చెప్పనక్కర్లేదు. కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో దుగ్గిరాల లాకుల దగ్గర పడవ ఆగేది. అటూ ఇటూ నీటిమట్టం సమానమయ్యాకే తలుపులు తీసేవారు. ముందే తీస్తే నీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. చార్జింగులో దీన్నే ప్రీచార్జ్ అంటారు. బ్యాటరీ 350 వోల్టుల దగ్గరుంటే స్టేషను తన వోల్టేజిని అక్కడిదాకా పెంచుతుంది. తేడా 20 వోల్టుల లోపుకు వచ్చాకే కారు లోపలి పెద్ద స్విచ్చులు, అంటే కాంటాక్టర్లు, మూసుకుంటాయి. తొందరపడితే వాటి మొనలు కరిగి అతుక్కుపోతాయి. బల్ల మీద ఇదంతా వందో వంతుకు కుదించవచ్చు. 350కి బదులు 3.5 వోల్టులు, 20కి బదులు 0.2, కాంటాక్టరు స్థానంలో ఒక చిన్న రిలే.

సాఫ్ట్‌వేరు కోసం చేతిలో డబ్బు ఉండక్కర్లేదు. పైపీఎల్‌సీ అనే ఉచిత ప్రాజెక్టు ఇళ్లలో ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టరును కాస్త మార్చి, ల్యాప్‌టాప్ చేత కారు వేషమైనా స్టేషను వేషమైనా వేయిస్తుంది. ఎల్‌ఎఫ్ ఎనర్జీ సంస్థ ఆధ్వర్యంలోని ఎవరెస్ట్ అనే ప్రాజెక్టు ఇంకా పెద్దది. బ్యాటరీ నమూనాను మాత్రం ఎవరికి వారే రాసుకోవడం మేలు. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లది. 10 శాతం నుంచి 80 దాకా అంటే సుమారు 21 యూనిట్లు, 25 కిలోవాట్ల చార్జరు మీద దాదాపు 50 నిమిషాలు. ఆ పైన కారే తక్కువ కరెంటు అడుగుతూ పోతుంది. ఆ వంపును సొంతంగా గీసినవాడికి చివరి 20 శాతం ఎందుకు సాగుతుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 10,900 కోట్ల రూపాయల్లో 2,000 కోట్లు చార్జింగ్ స్టేషన్లవే. స్టేషన్లు నిలబెట్టడం డబ్బుతో అవుతుంది. అవి పనిచేస్తూ ఉండాలంటే మనుషులు కావాలి. రేపల్లె, బాపట్ల మీదుగా పోయే 216వ జాతీయ రహదారి మీద ఒక రాత్రి ఏ కుటుంబమో కారు ఆపి గన్ తగిలిస్తే, తెర మీద ‘ఎర్రర్’ తప్ప ఏమీ రాకపోతే? ఆ తప్పు కారుదో, గన్‌దో, పిన్నులో చేరిన తడిదో తేల్చగలిగేది ఆ తప్పులన్నీ కావాలనే చేసి చూసిన మనిషే. చార్జింగ్ మధ్యలో తీగ లాగేసి, వోల్టేజి అబద్ధం చెప్పించి, జవాబు ఆలస్యం చేసి, ప్రతిసారీ లాగ్‌లో ఏ వరస పడిందో రాసి పెట్టుకున్న మనిషి. అలాంటి నోటుబుక్కు ఒకటి తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య ఎక్కడో ఒక హాస్టల్ గదిలో ఈ వేసవిలోనే మొదలవ్వాలి. మొదటి పేజీలో ఉండాల్సినవి మూడే అంకెలు: 12, 9, 6.