ఏ ఫ్యాను ఎన్ని గంటలు తిరుగుతోంది?
(వార్షిక మహాసభలో ఒక మండల సమాఖ్య కార్యవర్గం చేసిన ప్రసంగ పాఠం)



మేము ఈరోజు మా ఆఫీసు కరెంటు బిల్లు గురించి మాట్లాడతాం. రుణాలు, రికవరీల మధ్య ఇదెందుకని అనుకోవద్దు. భవనం సర్కారు కట్టించింది, బిల్లు మాత్రం మనమే కడుతున్నాం. ఆ డబ్బు సభ్యురాలు కట్టిన వడ్డీలోంచే పోతోంది.

బిల్లు తగ్గించాలని ముందుగా మీటింగు హాల్లో నాలుగు పాత ఫ్యాన్లు తీసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించాం. ఒక్కోటి 3,000 చొప్పున 12,000 రూపాయలు అయింది. తీర్మానం రాసేటప్పుడే ఒక చెల్లె లేచి, "ఆ పైసలతో ఒకామెకు కుట్టు మిషను లోను ఇయ్యొచ్చు కదా" అన్నది. మేము సర్దిచెప్పి కూర్చోబెట్టాం. మూడు నెలలు చూశాం. బిల్లు కదల్లేదు.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాం. పాత ఫ్యానుకు 75 వాట్లు, కొత్తదానికి 30 వాట్లు. తేడా 45 వాట్లు. మా హాలు నెలకు రెండు రోజులే తెరుస్తాం, మహా అయితే 12 గంటలు. ఫ్యానుకు నెలకు అర యూనిట్ మిగులుతుంది. యూనిట్ 9 రూపాయలనుకున్నా 5 రూపాయలు. పెట్టిన 3,000 తిరిగి రావడానికి 50 ఏళ్లు పడుతుంది! వచ్చినవాళ్లకు కనబడాలని హాల్లో పెట్టాం. ఆ చెల్లె అడిగింది న్యాయమే. తర్వాతి మీటింగులో అందరి ముందు ఆ మాట ఒప్పుకున్నాం.

అవే ఫ్యాన్లను అకౌంటెంటు గదికి, కంప్యూటరు గదికి మార్చాం. అక్కడ రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు తిరుగుతాయి. ఒక్కో ఫ్యానుకు 9 యూనిట్లు, అంటే 81 రూపాయలు మిగులుతాయి. మూడేళ్లలో ఖర్చు తిరిగొస్తుంది. ట్యూబులైట్ల లెక్క ఇంకా మేలు. పాత చోకు ట్యూబు 50 వాట్లు లాగితే ఎల్‌ఈడీ ట్యూబుకు 20 వాట్లు చాలు. అంతే గంటలు వెలిగితే నెలకు 54 రూపాయలు మిగులుతాయి. 250 రూపాయల ట్యూబు ఖర్చు ఐదు నెలల్లో వచ్చేస్తుంది. ముందు మార్చాల్సింది ట్యూబులైట్లని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఇక ఎండ సంగతి. మా భవనానికి పైఅంతస్తు లేదు. మే నెలలో స్లాబు కాగి, మధ్యాహ్నం మీటింగు నుంచి పెద్దవాళ్లు లేచి వరండాలో కూర్చునేవారు. ఏసీ పెట్టిద్దామని కొందరన్నారు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ దాకా లాగుతుంది. దానికి బదులు స్లాబు పగుళ్లు పూడ్పించి, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు వేయించాం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు ఇలాంటి పైకప్పు ఉండాలన్నది అందులోని మాటే. దుమ్ము పడితే పెయింటు పనిచేయడం తగ్గుతుంది కాబట్టి ఎండాకాలం ముందు స్లాబు కడుగుతున్నాం. ఈ వేసవిలో మీటింగు మధ్యలో ఎవరూ వరండాలోకి పోలేదు.

ప్రతి సమాఖ్యకూ మా మనవి మూడు మాటలు. ఒకటి, ఏమైనా కొనేముందు ఏ గదిలో ఏ ఫ్యాను, ఏ లైటు ఎన్ని గంటలు నడుస్తోందో వారం రోజులు రాయండి. రెండు, ఫ్యాను కొనేటప్పుడు స్టార్ లేబుల్ మీద వాట్లు చూడండి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు అది తప్పనిసరి. మూడు, నెలనెలా ఎన్ని యూనిట్లు కాలాయో మీటింగులో రుణాల లెక్కతో పాటు చదివి వినిపించండి. రూపాయలు ఒక్కటే చూస్తే రేటు పెరిగిందో, వాడకం పెరిగిందో తెలియదు.

లెక్క అడిగే చెల్లెను మాలాగా కూర్చోబెట్టకండి. ఆమెకే పుస్తకం ఇచ్చి గంటలు రాయమనండి. మేము ఇప్పుడు అదే చేస్తున్నాం.