కువైట్‌కు పోయే మన పిల్లలతో నాలుగు మాటలు

(సేవాలాల్ జయంతి సభలో గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ ఒకరు యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

జై సేవాలాల్!



సంఘం వాళ్ళు నన్ను పిలిచి "మేడం, చదువు గురించి మాట్లాడండి" అన్నారు. చదువు గురించి ప్రతి ఏడూ మాట్లాడుతూనే ఉన్నాను. ఈసారి ఇంకో సంగతి మాట్లాడతాను. మన కదిరి, నల్లమాడ, తనకల్లు పక్క తాండాల్లో కువైట్‌లోనో సౌదీలోనో ఒక మనిషి ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈ ఏడు పోదామని పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళు మీలో కూడా ఉన్నారు. పోవద్దని చెప్పడానికి నేను రాలేదు. పోయినాక అక్కడ నిలదొక్కుకోవడం ఎట్లా, మనసు ఇక్కడ ఉండగా చేతులతో అక్కడ పని చేసుకోవడం ఎట్లా, అదే ఈ రోజు నా మాట.

మనకు పయనం కొత్త కాదు. మన తాతలది లదేణి బతుకు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు. రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద తెల్లదొరల పెత్తనం వచ్చింది, ఆ వ్యాపారం పోయింది. 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చి, తిరిగే జాతులనే దొంగలన్నారు. మన సేవాలాల్ మహారాజ్ సంగతే చూడండి. 1739 ఫిబ్రవరి 15న పుట్టింది ఇక్కడే, మన గుత్తి దగ్గర. ఈ రోజు సేవాగఢ్ అని మొక్కుతున్న చోటు అదే. సమాధి ఉన్నదేమో మహారాష్ట్రలో, వాషిం జిల్లా పొహరాగఢ్‌లో. పుట్టిన నేల ఒకటి, మట్టిలో కలిసిన నేల ఇంకొకటి.

అయితే ఒక తేడా ఉంది. ఆ రోజుల్లో కదిలితే తాండా మొత్తం కదిలేది. పిల్లలు, ముసలివాళ్ళు, ఆవులు, కుక్కలు, దేవుడు, పాట అన్నీ వెంట వచ్చేవి. సాయంత్రం ఎక్కడ దిగితే అక్కడే ఇల్లు. ఈ రోజు పోయేది ఒక్క మనిషి. యాడి ఇక్కడ, బిడ్డ అక్కడ. లేదంటే బిడ్డ ఇక్కడ, యాడి అక్కడ. "మన రక్తంలోనే తిరగడం ఉంది, మనకేం భయం" అని మీసం తిప్పే తమ్ముళ్ళకు చెప్తున్నాను. ఒంటరిగా పోవడం మన తాతలకూ తెలియని విద్య. దాన్ని కొత్తగా నేర్చుకోవాల్సిందే.

ఎందుకు పోతున్నామో మీకు నేను చెప్పేదేముంది? ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే సగటు వాన అనిపించుకునే నేల మనది. అది కూడా పడాల్సినప్పుడు పడదు. శెనక్కాయ విత్తనం వేసి ఆకాశం చూస్తాం. ఊడ పట్టే వేళకు వాన మొహం చాటేస్తే పెట్టుబడి మట్టిలోనే. బోరు మీద బోరు వేసి అప్పు పెరుగుతుంది. కొందరు బెంగళూరు పోతారు, కొందరు విమానం ఎక్కుతారు. ఇది తప్పు పని కాదు, సిగ్గు పని అంతకన్నా కాదు.

ఇంక బెంగ సంగతి. దీని గురించి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఉంది. ప్రతి జూన్‌లో కొత్త పిల్లలు హాస్టల్‌కు వస్తారు. ఇన్నేళ్ళు చూసి నేను గమనించినవి మూడు.

మొదటిది, పగలు ఎవరూ ఏడవరు. బడి, ఆట, పని ఉంటాయి. పొద్దు వాలేటప్పుడే గొంతులో ముద్ద అడ్డం పడుతుంది. రెండోది, ఒక పని అప్పగించిన బిడ్డ తొందరగా కుదురుకుంటుంది. "నువ్వు రోజూ గ్లాసులు లెక్క పెట్టాలి, కుండీలో మొక్కకు నీళ్ళు పోయాలి" అంటే చాలు, ఆ చోటు తనది అనుకుంటుంది. మూడోది, మొదటి వారంలో ఇంటికి పరిగెత్తిన బిడ్డకు తిరిగి రావడం కష్టం, కానీ మొదటి నెల దాటిన బిడ్డ సాధారణంగా నిలబడుతుంది. పెద్దవాళ్ళకూ ఇదే వర్తిస్తుందని కువైట్ నుంచి సెలవుకు వచ్చిన మా పిల్లల తల్లులు నాతో చెప్పారు. ఒకామె అన్నది: "మేడం, మొదటి నెల వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తెలియక ఏడ్చినాను. ఉప్పు, చక్కెర, టీ పొడి ఎక్కడున్నాయో తెలిసినాక ఏడుపు తగ్గింది." ఆ మాటలో పెద్ద చదువు ఉంది.

కాబట్టి పోయిన కొత్తలో చేయాల్సినవి చెప్తాను. ఇంట్లో పనికి పోతే అక్కడి మాటలు ముందే ఒక యాభై నేర్చుకోండి. యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తారు. నీళ్ళు, బియ్యం, చీపురు, వేడి, చల్లన, నొప్పి, డాక్టరు, ఇవన్నీ అరబ్బీలో రావాలి. నొప్పి అన్న మాట రాకపోతే జ్వరంలో కూడా పని చేయాల్సి వస్తుంది. మాట వచ్చిన మనిషికి మర్యాద కూడా వస్తుంది. డ్రైవరుగానో, కంపెనీలోనో చేరే తమ్ముళ్ళు గదిలో పదిమందితో ఉంటారు. వంట వంతు, బాత్రూమ్ వంతు మొదటి రోజే మాట్లాడుకోండి. కువైట్ సిటీలో మాలియా అనే చోట సెలవు రోజు మన రాయలసీమ మనుషులు కలుస్తారు. తెలుగు మాట వినిపిస్తుంది, ఊరి సంగతులు తెలుస్తాయి. పోండి, కలవండి. మనం తాండాను వెంట తీసుకుపోలేం, కానీ నలుగురం కలిస్తే అక్కడ చిన్న తాండా అవుతుంది. అక్కడ కూడా గోర్ మాట మాట్లాడండి. కడుపులో దిగులు సొంత మాటలోనే బయటికి వస్తుంది. ఏడవడం తప్పనుకోవద్దు. పెళ్ళికూతురు అత్తారింటికి పోయేటప్పుడు ఢావ్లో పాడి ఏడవమని మన పెద్దలే నేర్పారు. పుట్టిల్లు వదలడానికి ఒక పాటే పెట్టుకున్న జాతి మనది.

ఇప్పుడు ఫోన్ సంగతి. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. మా హాస్టల్‌లో రాత్రి ఎనిమిదికి పిల్లలు ఖాళీ అయ్యేసరికి అక్కడ సాయంత్రం ఐదున్నర. అక్కడ వంటింట్లో పని ఊపందుకునే వేళ. రంజాన్ నెలలో అయితే తెల్లవారుజాము దాకా పొయ్యి ఆరదు. ఫోన్ ఎత్తలేదని బిడ్డ అలుగుతుంది, బిడ్డ అలిగిందని తల్లి అక్కడ కుమిలిపోతుంది. అందుకే వారానికి ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసుకోండి. ఆ వేళ కోసం బిడ్డ ఎదురు చూస్తుంది, మిగతా రోజులు నెమ్మదిగా చదువుకుంటుంది.

ఇంకో మాట. మా దగ్గర ఏడో తరగతి చదివే అమ్మాయి నాలుగు రోజులు జ్వరంతో పడుకుని, ఫోన్‌లో మాత్రం "బాగున్నా యాడీ" అన్నది. తర్వాత తెలిసింది, ఆ వారమే తల్లికి అక్కడ చెయ్యి కాలింది, ఆమె కూడా "బాగున్నా బిడ్డా" అన్నది. ఇద్దరూ ప్రేమతోనే దాచారు. కానీ ఇట్లా దాచుతూ పోతే రెండేళ్ళ తర్వాత ఎదురుపడినప్పుడు ఒకరికొకరు కొత్త మనుషులు అవుతారు. కష్టం ఉంటే చెప్పండి. భయపెట్టేటట్లు కాదు, ఉన్నది ఉన్నట్లు. "చెయ్యి కాలింది, మందు రాసుకున్నా, తగ్గుతోంది" అంటే ఆ బిడ్డకు ధైర్యమే వస్తుంది.

బెంగ ఒకటైతే, మోసం ఇంకొకటి. బెంగను కాలం మాన్పుతుంది, మోసాన్ని కాగితమే ఆపాలి. పది పాస్ కానివాళ్ళకు ఇచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్టు. దాంతో కువైట్, సౌదీలాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలి. ఆ పాస్‌పోర్టు ఉన్న ఆడపిల్లకు 30 ఏళ్ళు నిండకుండా ఇంటిపనికి అనుమతి ఇవ్వరు. ఇచ్చినా ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో దానికి ఓంక్యాప్ ఉంది. "విజిట్ వీసా మీద పంపుతా, అక్కడ మార్చుకోవచ్చు" అనే ఏజెంటు మాట నమ్మొద్దు. లైసెన్సు ఉన్న ఏజెంటైనా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. పోయేముందు ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టండి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు వస్తుంది. పండగకు కొనే చొక్కా అంత ఖరీదు కూడా లేదు.

కువైట్‌లో ఇంటిపని వాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం తెచ్చారు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో సెలవు ఇవ్వాలి. పని ముగించి వచ్చేటప్పుడు చేసిన ఏడాదికి ఒక నెల చొప్పున జీతం ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. చట్టంలో ఉన్నవన్నీ ప్రతి ఇంట్లో జరుగుతాయని నేను చెప్పను. కానీ ఉందని తెలిసిన మనిషి అడుగుతుంది, తెలియని మనిషి తలవంచుతుంది. ఇబ్బంది వస్తే ఇల్లు వదిలి తెలియని మనిషి వెంట పోవద్దు. ఇరవై నంబరు వీసా మీద పోయినవాళ్ళు యజమాని ఇల్లు వదిలి బయట పని చేస్తే నేరం కింద లెక్క. ఖల్లివల్లి అయిపోతే జబ్బు చేసినా ఆసుపత్రికి పోవడానికి భయం, ఇంట్లో చావు జరిగినా రావడానికి దారి లేదు. అట్లాంటివాళ్ళు ఎందరో 2018లో, మళ్ళీ 2024లో కువైట్ క్షమాభిక్ష పెట్టినప్పుడే ఇల్లు చేరగలిగారు. నేరుగా మన ఎంబసీకి పోండి. ఆడవాళ్ళు తలదాచుకోవడానికి అక్కడ చోటు ఉంది. ఇక్కడ ఇంట్లో వాళ్ళు ఏపీ ఎన్‌ఆర్‌టీ సంస్థకు చెప్పుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, సివిల్ ఐడీ జిరాక్సులు ఒక జత ఇంట్లో, ఒక జత నమ్మిన మనిషి దగ్గర ఉంచండి.

డబ్బు గురించి ఒక్క ముక్క. ఎంత సంపాదించాలి, ఎన్నేళ్ళు ఉండాలి అన్నది పోయేముందే రాసుకోండి. అప్పు తీరడానికా, ఇల్లు కట్టడానికా, చెల్లెలి చదువుకా? లెక్క లేకుండా పోయిన మనిషి తిరిగి వచ్చే రోజు కూడా లెక్క ఉండదు. జీతంలో కొంత మీ పేరున, మీ బ్యాంకు ఖాతాలో పడాలి. అక్కడ చెమటోడ్చింది నువ్వు, ఇక్కడ నీ పేరున పాస్‌బుక్కులో ఏమీ లేకపోతే తిరిగి వచ్చినాక నీ మాటకు విలువ ఉండదు. చెల్లెళ్ళూ, ఇది మీకు మరీ చెప్తున్నాను.

చివరగా ఇక్కడ ఉండిపోయే పెద్దలకు. పోయినవాళ్ళు పంపే డబ్బుతో రేకులు తీసి స్లాబు వేస్తాం, బాగుంది. ఆ ఇంటి పిల్లల సంగతి ఎవరు చూస్తున్నారు? తల్లి కువైట్‌లో ఉంటే ఆ బిడ్డ హాస్టల్ మీటింగ్‌కు తాండా నుంచి ఎవరో ఒక పెద్ద మనిషి రావాలి. తీజ్ నాడు ఆ పిల్ల బుట్టలో కూడా గోధుమ మొలక పచ్చగా రావాలి. ఆ తొమ్మిది రోజులు నీళ్ళు పోయించే చెయ్యి ఎవరిదో ఒకరిది ఉండాలి. ఆ ఫొటో తీసి కువైట్‌కు పంపండి. దూరాన ఉన్న ఆ తల్లి ఆ రాత్రి నిమ్మళంగా నిద్రపోతుంది.

పదో తరగతి పూర్తి చేయకుండా ఎవరూ విమానం ఎక్కొద్దు. లెక్క రాసుకోకుండా, కాగితం చూసుకోకుండా అసలే ఎక్కొద్దు. పోయినవాళ్ళు ధైర్యంగా ఉండండి, ఉన్నవాళ్ళు వాళ్ళ ఇళ్ళకు కాపు కాయండి.

జై సేవాలాల్!